ఒక పప్పు చరిత్రము – నాడీరక్షణ రహస్యము



నేను శాస్త్రవేత్తను గాను. స్వర్ణముఖీ తీరమున నున్న మా నాయుడుపేటలో ముప్పదియైదేండ్లు బాలురకు తెలుగును, సంస్కృతమును బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. అట్టివాడు మెదడును గుఱించి, నాడులను గుఱించి యేల మాటాడవలెనని మీరడుగవచ్చును. నేనొకప్పుడు చేసిన యొక తప్పే దీనికి కారణము. ఆ తప్పును మొదట చెప్పి పిదప చరిత్రమునకు వచ్చెదను.

1986 ప్రాంతమున మా యూరి చెంత రోడ్డుపనికి ఉత్తరదేశమునుండి కూలీలు వచ్చి గుడిసెలు వేసికొనిరి. వారిలో ముప్పదియేండ్ల మగవాడొకడు కఱ్ఱ నూతగా గొని నడచెడివాడు. మడమ నేలకు ఆనదు, మునివ్రేళ్లమీదనే నడక. ఒక కాలు రెండవకాలి కడ్డముగా కత్తెరవలె పడుచుండెను. చేతులయందు బలమున్నది, మాట స్పష్టము, బుద్ధి చుఱుకు. నడుము క్రింది భాగము మాత్రము కొయ్యబాఱినది. తోడివారు పనికిపోగా వాడు గుడిసెలకు కావలియుండి వంట చేసెడివాడు. మా బడి పిల్లలు వాని నడకను అనుకరించి నవ్విరి. నేను వారిని మందలించితిని. కాని యేమని మందలించితిని? "వాడు పూర్వజన్మ పాపమును అనుభవించుచున్నాడు, నవ్వరాదు" అంటిని. పిల్లల నవ్వుకన్న నా మాటయే క్రూరమైనదని నాకప్పుడు తోచలేదు.

వారిలో ముసలివాడొకడు నాకు వచ్చిన కొద్దిపాటి హిందీలో ఆ కథ చెప్పెను. వారి సీమలో వానలు తప్పిన యేట భూస్వామి కూలికి ధాన్యమునకు బదులు కేసరి పప్పు కొలిచెనట. నెలల తరబడి ఆ పప్పే తిండి. ఒకనాటి యుదయమున ఈ పిల్లవాడు లేవబోయి లేవలేకపోయెనట. నేను నమ్మలేదు. పప్పు తిని కుంటివాడగుటయా? అది కూలివాండ్ర మూఢనమ్మకమని తలచితిని. కొన్నియేండ్లకు వైద్యగ్రంథమొకటి తిరుగవేయుచుండగా ఆ ముసలివాని మాటయే సంస్కృతమున నాకు కనబడెను. సిగ్గుతో తల వంచుకొంటిని.

ఆ గ్రంథము భావప్రకాశము. పదునాఱవ శతాబ్దమున భావమిశ్రుడు రచించినది. అందు ధాన్యవర్గమున త్రిపుటమను పప్పు చెప్పబడినది. గింజకు మూడు మూలలుండుటచే ఆ పేరు. దాని గుణములను చెప్పుచు భావమిశ్రుడు, అది వాతమును మిక్కిలి ప్రకోపింపజేయుననియు, తిన్నవానిని కుంటివానిగను పంగువుగను చేయుననియు హెచ్చరించినాడు. ఇంతకన్న బహుపూర్వమే సుశ్రుతసంహితలో కలాయఖంజమను రోగమొకటి వర్ణింపబడినది. నడక ప్రారంభింపగానే వణకుట, కుంటుచు పోవుట, కీళ్ల పట్టు సడలుట దాని లక్షణములు. కలాయమనగా బఠానీజాతి గింజ. రోగము పేరులోనే గింజ పేరున్నది. మన పూర్వులు కంటితో చూచినదానిని దాచక వ్రాసిరి. ఆ గింజ ఆ పనిని యెట్లు చేయుచున్నదో చెప్పుటకు తగిన సాధనములు వారికి లేకుండెను.

ఈ త్రిపుటమే హిందీలో ఖేసారీ, మన వాడుకలో కేసరి పప్పు. ఇది ముఖ్యముగా మధ్యప్రదేశము, ఛత్తీస్‌గఢ్, బీహారు, బెంగాలు సీమలలో పండును. వరి కోతకు రాకముందే ఆ పైరులోనే దీని విత్తనము చల్లుదురు. వరి కోసిన పిమ్మట నేలలో మిగిలిన తేమతోనే ఇది పండును. దున్నవలసిన పని లేదు, నీరు పెట్టవలసిన పని లేదు. అనావృష్టికి బెదరదు, నీటిముంపునకును చావదు. అన్ని పైరులు పోయిన కఱవున ఇదియొక్కటే నిలుచును. పేదవానికి ఇది ప్రాణము నిలిపిన పప్పు. కాళ్లు తీసినదియు ఇదియే. ఈ రెండు మాటలును ఒక్కచో చేరుటయే దీని చరిత్రములోని విషాదము.

ఈ విషాదము మన దేశమునకు మాత్రమే చెందినది కాదు. జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రభువు 1671 లోనే ఈ గింజ పిండితో రొట్టె చేయరాదని శాసించెను. మన దేశమున స్లీమన్ అను ఆంగ్లాధికారి 1844 లో ప్రకటించిన గ్రంథమున సాగరు సీమలో తాను చూచినది వ్రాసెను. 1829 లో వడగండ్లచేతను, 1830 లో వానలు లేకయు, 1831 లో తెగులుచేతను గోధుమ పైరు నాశనమాయెను. ఆ మూడేండ్లును కేసరియే విరివిగా పండెను, జనులు దానినే తినిరి. పిమ్మట గ్రామగ్రామమున యువకులు నడుము క్రింద చచ్చుపడిపోయిరి. 1859 లో ఇర్వింగ్ అను వైద్యుడు అలహాబాదు ప్రాంతమున ఇదే చూచి వ్రాసెను. 1873 లో ఇటలీదేశపు వైద్యుడు కాంటానీ ఈ రోగమునకు లాథిరిజము అని పేరు పెట్టెను. లాథిరస్ అనునది ఆ మొక్క జాతిపేరు.

అన్నిటికన్న దారుణమైనది రెండవ ప్రపంచయుద్ధకాలపు కథ. 1942 లో వాప్నియార్కా అను నిర్బంధ శిబిరమునకు యూదులను తెచ్చి, వారికి పశువుల మేతగా నుంచిన ఈ గింజనే ఉడికించి పెట్టిరి. కొలదికాలములో వందలకొలది జనులకు కాళ్లు పడిపోయెను. బందీలలో నొకడైన ఆర్థర్ కెస్లర్ అను వైద్యుడు దీనిని గుర్తించి, ఆ తిండి మానుడని తోడివారికి చెప్పెను. వేఱు తిండి లేని చోట తినవద్దని చెప్పుట యెంత కష్టమో తలచుకొనుడు. ఈ చరిత్రమంతటను ఒక్క సంగతి మాఱలేదు. ఈ రోగము కోరి తిన్నవానికి రాలేదు. వేఱు తినుటకు గతిలేనివానికి వచ్చినది.

ఇక విషమేది? గింజలోని యే పదార్థము కాళ్లను తీయుచున్నది? ఈ ప్రశ్నకు సమాధానము మన దేశమునందే దొరకెను. 1964 లో బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థలో ఎస్. ఎల్. ఎన్. రావు, పి. ఆర్. అడిగ, పి. ఎస్. శర్మ అను మువ్వురు ఆ గింజనుండి ఒక అమైనో ఆమ్లమును వేఱుచేసి, దాని నిర్మాణమును తేల్చి ప్రకటించిరి. దానిని సంగ్రహముగా ఓడాప్ అందురు. ఆ యేటనే ఢిల్లీలో వి. వి. ఎస్. మూర్తి, టి. ఆర్. శేషాద్రి, వెంకటసుబ్రహ్మణ్యన్ అనువారును ఇదే పదార్థమును కనుగొనిరి. ఈ శేషాద్రిగారు 1949 లో ఢిల్లీకి పోవుటకు ముందు మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున రసాయనశాస్త్రమును బోధించి పెంచినవారు. రావుగారు పిదప హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు వచ్చి ఈ పరిశోధనమునే సాగించిరి. హైదరాబాదులోనే జాతీయ పోషకాహార సంస్థవారు, డాక్టరు గోపాలన్ గారి కాలమున, ఈ పప్పును విస్తారమైన వేడినీటిలో నానవేసి ఆ నీటిని పాఱబోసినచో విషములో మిక్కిలి భాగము పోవునని చూపిరి. భావమిశ్రుడు చెప్పిన "కుంటివానిని చేయును" అను మాటకు నాలుగు శతాబ్దములకు పైబడిన పిదప కారణము తెలిసినది.

కారణము పేరు తెలిసినంత మాత్రమున పని ముగియదు. ఆ పదార్థము కోటానుకోట్ల కణములను విడిచి నాడీకణములనే యేల చంపుచున్నది? దీనికి నాడీకణము లొండొంటితో నెట్లు మాటాడుకొనునో తెలియవలెను.

మన మెదడున సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవి. అవి దారమునకు దారము ముడివేసిన వలవలె నొకటిగా కలిసియున్నవని ఇటలీ పండితుడు గోల్జీ తలచెను. కాదు, ఒక్కొక్క కణము వేఱుగానున్నదని స్పెయిన్ దేశపు కహాల్ వాదించెను. ఇరువురకును 1906 లో నోబెల్ బహుమానమును పంచియిచ్చిరి. వారు ఆ సందర్భమునందే యొకరి మాటను మఱొకరు ఖండించిరి. తుదకు కహాల్ మాటయే నిలిచినది. రెండు కణములు సంధించు చోటికి షెరింగ్టన్ అను ఆంగ్లేయుడు 1897 లో సినాప్సు అని పేరు పెట్టెను. మనము నాడీసంధి యందము. అచట కణములు తాకుకొనవు; నడుమ సన్నని సందున్నది. ఒక మిల్లీమీటరును ఏబదివేల భాగములు చేసినచో నందొక భాగము దాని వెడల్పు. ఆ సందును దాటి వార్త పోవుటకు ఒక కణము రసాయన పదార్థమును విడుచును. ఆవలి కణముపై నిలిచిన మాంసకృత్తులు దానిని అందుకొనును.

మన చెఱువును తలచుకొనుడు. కట్టకు తూములుండును. నీరుగంటి వచ్చి తూము తెఱచును, నీరు కయ్యకు పాఱును, పైరు పచ్చబడును. వేళకు తూము మూయబడును. నాడీకణముపై నున్న గ్రాహక మాంసకృత్తులు ఈ తూముల వంటివి. వానిని తెఱచు నీరుగంటి పేరు గ్లుటమేటు. ఇది గోధుమ పిండినుండి 1866 లో మొదట వేఱుచేయబడిన సామాన్య ఆహారపదార్థము. 1960 ప్రాంతమున ఆస్ట్రేలియాలో కర్టిస్, వాట్‌కిన్స్ అనువారు ఇదియే నాడీకణములను మేల్కొల్పునని కనుగొనిరి. మనము చూచుట, నడచుట, జ్ఞాపకముంచుకొనుట యన్నియు దీనిపై నాధారపడియున్నవి.

అయితే, పైరును పెంచు నీరే అదుపు తప్పినచో పైరును కుళ్లబెట్టును. 1969 లో అమెరికాలో ఓల్నీ అను వైద్యుడు ఎలుకపిల్లలకు గ్లుటమేటు అధికముగా ఇచ్చి చూడగా, వాని మెదడులోని కణములు ఉద్రేకము మితిమీఱి చచ్చిపోయెను. ప్రాణము పోయునదే ప్రాణము తీయగలదని అప్పుడు స్పష్టమాయెను.

ఓడాప్ చేయు మోసము ఇచటనే యున్నది. దాని రూపము గ్లుటమేటు రూపమును పోలియున్నది. అది దొంగతాళముచెవి గల నీరుగంటి. సందులో ప్రవేశించి ఆంపా అను పేరు గల తూములను తెఱచి పట్టును. ఉప్పును, కాల్షియమును కణములోనికి వెల్లువగా చొరబడును. కాలి నాడులను నడపు పొడవైన తంతువులు గల కణములు ఈ వెల్లువకు ముందుగా కూలును. అవి చచ్చిన పిదప మరల పుట్టవు. అందుచేతనే ఈ రోగము వచ్చిన తరువాత మందు లేదు. ఆ కూలివాని కఱ్ఱ జీవితాంతము వాని చేతనుండుటకు కారణమిది. వాని పూర్వజన్మము కాదు.

ఇంతవరకు నాశనమును చెప్పితిని. రక్షణమును చెప్పకున్న కథ సగమే యగును. ప్రతిదినమును మన నాడీసంధులలో గ్లుటమేటు ప్రవహించుచుండగా మనమందఱము ఏల కుంటివారము గాలేదు? కాచువారున్నారు. వారును మాంసకృత్తులే.

మొదటి కాపరులు కలుజుల వంటివారు. చెఱువు నిండిన పిదప అదనపు నీరు కలుజు మీదుగా పోయి కట్టను కాచును గదా! అట్లే నాడీకణముల చుట్టునున్న నక్షత్రాకార కణములపై గల వాహక మాంసకృత్తులు పని ముగిసిన గ్లుటమేటును క్షణములో లోనికి లాగుకొని సందును ఖాళీచేయును. ఇవి పనిచేయకున్న మనము ఒక దినమైనను బ్రతుకజాలము.

రెండవ కాపరి మఱింత యాశ్చర్యకరుడు. నాడీసంధియందే గ్లుటమేటునకు ఎన్‌.ఎం.డి.ఏ. అను మఱొక జాతి తూము కలదు. 2002 లో హార్డింగ్‌హామ్, ఫుకునాగా, బాడింగ్ అనువారు ఒక వింతను ప్రకటించిరి. సంధిస్థానమున నున్న ఈ తూములు తెఱచుకొన్నపుడు ఆ వార్త కణగర్భమువఱకు పోయి, "నేను పనిలోనున్నాను, నన్ను పోషింపుము" అనునట్లు, కణమును కాచు మాంసకృత్తులను తయారుచేయించును. ఆ తూములే సంధికి వెలుపల తెఱచుకొన్నచో ఆ యాజ్ఞ రద్దగును, కణము మరణమార్గము పట్టును. నీరుగంటి యొక్కడే, తూము జాతి యొక్కటే. స్థానము మాఱినందున ఫలము మాఱినది. ఉచితస్థానమున నున్న మాట రక్షించును, తప్పిన స్థానమున నదే మాట చంపును. ఇది వ్యాకరణపండితునకు క్రొత్త సంగతి గాదు; కణమునకును అదే న్యాయమని తెలియుట క్రొత్త.

అట్లు తయారగు పోషకములలో నొకటి బి.డి.ఎన్.ఎఫ్. అను మాంసకృత్తు. 1982 లో బార్డ్, ఎడ్గర్, థోనెన్ అనువారు పంది మెదడునుండి దానిని శుద్ధిచేసిరి. నాడీసంధిలో ఇది వెలువడి కణమును బ్రతికించును, సంధిని బలపఱచును. పనిచేయు సంధి తన పోషణమును తానే తెచ్చుకొనునన్నమాట. దున్నిన పొలమే పంటనిచ్చును. బీడుపడిన నేలకు ఎరువు వేయువాడెవడు?

మూడవ కాపరి కథలో మన సీమకు సంబంధము కలదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తున చదివి పట్టము పొందిన విజయలక్ష్మీ రవీంద్రనాథ్ గారు బెంగుళూరి నిమ్‌హాన్స్‌లో ఈ ఓడాప్‌ను గుఱించి పరిశోధించిరి. కణమునకు శక్తినిచ్చు పొయ్యిల వంటి మైటోకాండ్రియాలలో నొక ముఖ్యాంగమును ఓడాప్ చెఱచునని 1993 లో వారును, వారి శిష్యులును చూపిరి. పొయ్యి ఆఱినచో ఉప్పును, కాల్షియమును బయటికి తోడుటకు కణమునకు శక్తి యుండదు. ఆ యంగమును కాచునది గ్లుటారెడాక్సిన్ అను చిన్న మాంసకృత్తు. ఆడుయెలుకలలో ఇది మగయెలుకలకన్న అధికముగా నుండుననియు, దానిని తగ్గించినచో ఆడుయెలుకలును దెబ్బతినుననియు వారి ప్రయోగములు తెలిపెను. వైద్యులను కలతపెట్టిన ప్రశ్న యొకటి కలదు: ఒకే కుండలో వండిన పప్పును తిన్న కుటుంబమున మగవారే యెక్కువగా కుంటివారగుట యేల? ఆ ప్రశ్నకు ఈ ప్రయోగములు ఒక దారి చూపినవి.

ఇక మన నిత్యజీవనమునకు వత్తము. 1961 లో కేంద్రప్రభుత్వము కేసరి పప్పు అమ్మకమును నిషేధించెను. కొన్ని రాష్ట్రములు మాత్రము దానిని అమలుపఱచలేదు. పిదప మన వ్యవసాయశాస్త్రజ్ఞులు ఓడాప్ తక్కువగా నుండు రతన్, ప్రతీక్, మహాతేవరా వంటి వంగడములను తయారుచేసిరి. ఇది మంచి పని. కఱవున నిలుచు పప్పును పాఱవేయక, దాని విషమును తీయుటయే వివేకము.

పెద్దలు గమనింపవలసిన సంగతులు మూడు. మొదటిది: పొట్టు తీసి బద్దచేసిన కేసరి, కందిపప్పును, సెనగపప్పును పోలియుండును. అందుచే కల్తీచేయువారికి అది అనుకూలము. గింజలు కొని యింట విసరుకొనుట, బద్దలలో మూలలు తేఱి గొడ్డలిరేకు ఆకారమున నున్నవానిని ఏఱి చూచుట మేలు. రెండవది: ఎప్పుడో యొకనాడు కొంచెము కలిసినంత మాత్రమున కాళ్లు పోవు, భయపడవలదు. రెండు మూడు నెలలు అదియే ముఖ్యాహారమైనపుడు ఈ రోగము వచ్చును. పిక్కలు బరువెక్కుట, రాత్రివేళ కండరములు పట్టుట, కాళ్లు బిగిసికొనుట తొలి గుర్తులు. అప్పుడే ఆ తిండి మాని వైద్యుని చూడవలెను. మూడవది యన్నిటికన్న ముఖ్యము: కూలికి ధాన్యము కొలుచు చోట నేమి కొలుచుచున్నారో చూడుడు. ఈ రోగమును తెచ్చినది గింజ యొక్కటే కాదు. గత్యంతరము లేనివానికి దానిని కొలిచిన కుంచము గూడ.

మాటకు మాట తోడుగా, తూమునకు కలుజు తోడుగా, కణమునకు కణము తోడుగా నున్నంతకాలమే నాడి బ్రతుకును. ఒంటిగా నున్న నాడీకణము నిలువదు. గ్రామమునకును ఇదియే ధర్మమని నా యభిప్రాయము.

ఆ కూలీలు పని ముగియగానే మా యూరు విడిచిపోయిరి. ఆ యువకునకు క్షమాపణము చెప్పు అవకాశము నాకు మరల దొరకలేదు. నాడు నా మాట విన్న పిల్లలు నేడు తాతలగుచున్నారు. వారిలో నెవరైనను ఈ ప్రసంగమును విన్నచో, ఆనాడు పంతులుగారు తప్పు చెప్పినారని తమ మనుమలకు తెలుపవలెనని నా ప్రార్థన.